ఎడమ ముందు చక్రం

బుడమేరు పొంగి బెజవాడ సగం నీళ్లలో ఉన్న ఏడు అది. ఆ వానలకే మా పర్చూరు వైపు చేలు కూడా వారం రోజులు మునిగి ఉన్నాయి. కలుగుల్లోకి నీళ్లు దిగేసరికి ఎలుకలన్నీ ఊళ్ల మీద పడ్డాయి. ఇళ్లల్లో చోటు చాలక బండ్లల్లో కాపురం పెట్టాయి. పర్చూరు సెంటర్లో నలభై ఏళ్లుగా బండ్లకి కరెంటు పని చేస్తున్నాను. అన్ని కొరికిన వైర్లు ఒక్క ఏడాదిలో ఎప్పుడూ అతకలేదు.

కార్తీకమాసం సగం అయ్యాక ఒకరోజు పొద్దున్నే, కొట్టు తలుపు తీస్తుండగానే మాధురి షేరు ఆటో దిగి పరుగున వచ్చింది. పక్క ఊరి జయరావు కోడలు. జయరావు మిరపా పత్తీ వేసే రైతు. అతని భార్య వెంకాయమ్మది మా ఊరే, నాకు వరసకు చెల్లెలు. అందుకని జయరావు నన్ను బావా అంటాడు, మాధురి పెదనాన్నా అంటుంది.

"పెదనాన్నా, మీరు ఇప్పుడే రావాలి. సాయంత్రం నాలుగింటికి అయూబ్ వస్తున్నాడు. కారు తీసుకుపోతాడు."

అయూబ్ చిలకలూరిపేటలో పాత కార్లు కొని అమ్ముతుంటాడు.

"ఎందుకు?"

"నాకు నడపడం రాదంట. మావయ్య తాళం రొంటిన దోపుకుని తిరుగుతున్నాడు."

సంగతి నాకు కొంత తెలుసు. బజారంతటికీ తెలుసు. నాలుగు రోజుల కింద జయరావు ఇంటి గేటు దగ్గర పత్తి కుప్ప పోసి ఉంది. మాధురి కారు లోపలికి తెస్తుంటే, జయరావు కుప్ప ముందు నిలబడి రా రా అని చెయ్యి ఊపుతున్నాడు. కారు నెమ్మదిగానే వచ్చింది. కానీ ఆగాల్సిన చోట ఆగలేదు. జయరావుని తీసుకెళ్లి పత్తిలో వెల్లకిలా పడేసింది. దెబ్బ ఒక్కటీ తగల్లేదు. కూలీలు కాళ్లు పట్టుకుని బయటికి లాగారట. మీసాల నిండా పత్తి. ఇక ఊళ్లో అడుగడుగునా 'ఏం జయరావూ, ఈత నేర్చుకున్నావంటగా' అని అడిగేవాళ్లే.

"నేను బ్రేకే తొక్కాను పెదనాన్నా. బ్రేకు నా కాలిని తన్నింది. గరగరమని కిందనుంచి తన్నింది. ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు. మా ఆయనకి ఫోన్ చేస్తే నాన్న ఇష్టం అన్నాడు."

మాధురి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఇంటికి ముప్పై నాలుగు కిలోమీటర్లు. ఎనిమిదింటికి అక్కడ ఉండాలి. మొదటి బస్సు చేరేసరికి పది దాటుతుంది. గొడవైన రోజునుంచీ సెలవులో ఉంది. ఆ సెలవు ఇవాళ్టితో సరి.

"రేపు ఎనిమిదింటికి నేనక్కడ లేకపోతే ఇంకొకరిని వేస్తారు. కారు పోతే ఉద్యోగం పోయినట్టే."

మీటరు, చిన్న పనిముట్ల డబ్బా, జాకీ తీసి టీవీఎస్ మోపెడ్ మీద కట్టాను. బ్రేకు కాలిని తన్నడమన్న మాట విన్నప్పుడే నాకు లోపల ఏదో కదిలింది. అలాంటిదొకటి ఉంటుందని విన్నాను, ఎప్పుడూ చేతికి చిక్కలేదు.

జయరావు అరుగు మీద మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏం బావా, ఎవరు పిలిచారు నిన్ను?"

"కోడలు."

"కారు బాగానే ఉంది. నడిపేదే బాగాలేదు. బ్రేకనుకుని ఎక్సలేటరు తొక్కింది."

"తాళం ఇవ్వు."

"దేనికి? టౌను షెడ్డువాళ్లు కంప్యూటరు పెట్టి మరీ చూసి బాగుచేసి ఇచ్చారు. నీ దగ్గర ఏముంది, ఆ తుప్పు డబ్బా తప్ప?"

లోపలనుంచి వెంకాయమ్మ కేక వేసింది. "ఇచ్చెయ్యండి ఆ తాళం. సాయంత్రం దాకా ఆ కారు ఇక్కడుండి గుడ్లు పెట్టుద్దా ఏంది?"

జయరావు రొంటినుంచి తాళం తీసి, నా చేతికివ్వకుండా మంచం మీద పెట్టాడు. తీసుకున్నాను.

ఇంటి పక్కనే మిరపకాయలు ఆరబోసే కల్లం ఉంది. కాయ రావడానికి ఇంకా మూడు నెలలుంది కాబట్టి ఖాళీగా, గట్టిగా, చదునుగా ఉంది. వెంకాయమ్మని ముగ్గుపిండి అడిగి కల్లానికి అడ్డంగా ఒక గీత పోశాను. మాధురి పక్కన కూర్చున్నాను.

"గీత మీద ఆపు."

మొదటిసారి కాస్త జోరుగా వచ్చి ఆపింది. చక్కగా ఆగింది. రెండోసారీ అంతే. జయరావు దూరంనుంచి చూసి, "చూశావా, నీ ఎదురుగా బుద్ధిగా తొక్కుద్ది" అన్నాడు.

మాధురి పళ్లు బిగించింది. "నెమ్మదిగా వచ్చినప్పుడే పెదనాన్నా. గేట్లోకి వచ్చినట్టు."

"అట్టాగే రా."

మనిషి పరుగెత్తేంత వేగంతో వచ్చింది. గీతకి ముందు బ్రేకు మీద కాలు వేసింది. గర్ర్‌ర్ అని ఎక్కడో లోపల రంపం కోసినట్టు చప్పుడు. కారు గీత దాటి రెండడుగులు పోయింది. అద్దం కింద పసుపు లైటు ఒకటి టక్కున వెలిగింది.

"దిగు. నేను తోల్తా."

చోట్లు మార్చుకున్నాం. అదే వేగం, అదే గీత. కాలు మోపాను. అరికాలి కింద బతికున్న చేప కొట్టుకున్నట్టయింది. పెడల్ నా కాలిని పైకి నెట్టింది, వదిలింది, మళ్లీ నెట్టింది. కారు గీత మీద ఆగకుండా పోయింది. ఒళ్లు జల్లుమంది నాకు. డెబ్బై ఏళ్లు దాటాక కూడా పనిలో అలా అవుతుందని అనుకోలేదు. ఉత్తినే నవ్వొచ్చింది.

"తన్నిందా?" అంది మాధురి.

"తన్నింది."

ఆ పిల్ల కళ్లు మూసుకుని సీట్లో వెనక్కి వాలింది. "నాలుగు రోజులనుంచి నా కాలి మీద నాకే అనుమానంగా ఉంది పెదనాన్నా."

జయరావు నమ్మలేదు. "మీరిద్దరూ కలిసి ఒక మాట అనుకున్నారు. పెదనాన్నవి గదా, దాని వైపే చెప్తావు నువ్వు."

"నువ్వెక్కి తొక్కు."

"నేను ట్రాక్టరు తోలేవాణ్ణి. ఆ అగ్గిపెట్టెలో కూర్చోను."

సరే, కూర్చోకుండానే చూడొచ్చు. బానెట్ ఎత్తి, ఫ్యూజుల పెట్టె మూత తీసి, మూత మీదున్న బొమ్మ మాధురి చేత చదివించి, ఏబీఎస్ అన్న ఫ్యూజు పీకి జయరావు చేతిలో పెట్టాను. "పట్టుకో." మాధురి మళ్లీ నెమ్మదిగా వచ్చి తొక్కింది. గీత మీద ఆగింది. చప్పుడు లేదు. ఇంకోసారి. ఆగింది. ఫ్యూజు అడిగి తీసుకుని మళ్లీ పెట్టాను. గర్ర్‌ర్, రెండడుగులు అవతల.

అదే డ్రైవరు, అదే కాలు, అదే గీత. జయరావు మంచం మీదనుంచి లేచాడు. గీతకీ ముందు చక్రానికీ మధ్య దూరం జానతో కొలిచాడు.

"అయితే ఆ ఫ్యూజు తీసి పారెయ్ బావా. అయిపోయె."

"వానలో గట్టిగా తొక్కితే చక్రం బిగుసుద్ది. బండి జారుద్ది. అది జారకుండా ఉండటానికే ఇది పెట్టింది."

"మరి మంచికి పెట్టింది ఎందుకు తన్నుద్ది?"

"అదే చూడాలి."

జయరావు కాసేపు మీసం సర్దుకున్నాడు. "నాలుగు లోపల ఎందుకు తన్నుద్దో నా కళ్లకి చూపించు. చూపిస్తే అయూబ్‌ని వెనక్కి పంపుతా. లేకపోతే తాళం వాడిది. ఎందుకో తెలీని బండిని నా వాకిట్లో ఉంచను."

మాధురి గడియారం చూసుకుంది. పదకొండు కావస్తోంది.

ఏబీఎస్ అనే ఆ ఏర్పాటు ఇలా ఉంటుంది. ప్రతి చక్రం దగ్గరా పళ్లున్న ఒక చుట్టు, దాని ఎదురుగా వేలెడంత సెన్సర్ ఉంటాయి. సెన్సర్లో అయస్కాంతం, సన్నటి తీగ చుట్ట. చక్రం తిరిగితే ఒక్కో పన్ను ఎదురుగా వచ్చినప్పుడల్లా తీగలో చిటికెడు కరెంటు పుడుతుంది. రెండు వైర్ల మీద అది బానెట్ కింద ఉన్న పెట్టెకి పోతుంది. పెట్టె నాలుగు చక్రాల దెబ్బలూ లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. మూడు తిరుగుతూ ఒకటి ఆగిందని తోస్తే, అది బిగుసుకుందనుకుని దాని బ్రేకు కాస్త వదులుతుంది, మళ్లీ పడుతుంది. కాలికి తగిలే తన్ను అదే. ఇప్పుడు ఒక చక్రం తిరుగుతూనే ఉన్నా దాని కబురు పెట్టెకి చేరడం లేదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు కరెంటు మరీ తక్కువ పుడుతుంది కాబట్టి అప్పుడే చేరడం లేదు. ఏ చక్రం? ఎక్కడ ఆగిపోతోంది?

"షెడ్డువాళ్లు ఎడమ ముందు చక్రం అన్నారు," అంది మాధురి. "దీపావళికి ముందు లైటు వెలిగితే తీసుకెళ్లాను. కొత్త సెన్సర్ వేశారు. వారానికి మళ్లీ వెలిగింది. ఈసారి పెట్టె మొత్తం పోయిందన్నారు. డబ్బు గుంజడానికే అంటున్నారని మావయ్య నమ్మలేదు."

ఎడమ ముందు చక్రం జాకీ మీద ఎత్తాను. సెన్సర్ వైరు విప్పి మీటరు పెట్టాను. తీగ చుట్ట బాగానే ఉంది. "తిప్పు" అన్నాను. మాధురి చున్నీ నడుముకి బిగించి రెండు చేతులతో చక్రం తిప్పింది. మీటరులో అంకెలు లేచాయి. తిప్పుడు తగ్గితే తగ్గాయి. మిగతా మూడు చక్రాలకీ అలాగే చేశాం. నేను అంకె చెబితే ఆమె అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. నాలుగూ ఒకటే తీరు.

"నాడి చూసినట్టుంది," అంది. "అందరికీ బాగానే కొట్టుకుంటోంది."

"చేతి దగ్గర బాగుంది. గుండె దగ్గర చూడాలి."

మాధురి నవ్వింది. నాలుగు రోజులకి నవ్వినట్టుంది. వెంకాయమ్మ వంటింటి కిటికీలోంచి తొంగి చూసింది.

పెట్టెకి పోయే పెద్ద కప్లర్ విప్పాను. కప్లర్ అంటే రెండు వైపుల వైర్లు కలిసే ప్లాస్టిక్ జోడు. రంగులు చూసి జతలు పోల్చుకోవడానికి గంట పట్టింది. కుడి ముందు జత మీద మీటరు పెట్టాను. మాధురి వెళ్లి కుడి చక్రం తిప్పింది. చక్రం దగ్గర ఎంత వచ్చిందో ఇక్కడా అంతే. వెనక రెండూ అంతే. ఎడమ ముందు జత మీద పెట్టాను.

"తిప్పు."

పావు వంతు వచ్చింది. ఒక్క క్షణం అదీ పోయింది. మళ్లీ వచ్చింది.

"నెమ్మదిగా తిప్పు."

ఏమీ లేదు. సున్నా. చక్రం తిరుగుతూనే ఉంది, మీటరులో సున్నా.

"జయరావ్, రా."

అతను వచ్చి మీటరులోకి వంగి చూశాడు. కోడలు తిప్పుతున్న చక్రం చూశాడు. మళ్లీ మీటరు చూశాడు. కుడి వైపు పెట్టి చూపించాను. ఎడమ వైపు పెట్టి చూపించాను.

"మరి అక్కడ పుడుతుంది, ఇక్కడికి రావట్లేదు," అన్నాడు. "మధ్యలో ఎవడో గండి కొట్టాడు." చివరి చేనుకి నీళ్లు అందని రైతు మాట అది. చొక్కా విప్పి మంచం మీద పడేసి బనీనుతో వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఎంత దూరం ఉంది ఈ కాలవ?"

"నాలుగైదు అడుగులు."

"అంతేగా. పట్టుకుందాం."

చక్రం పక్కన లోపలి ప్లాస్టిక్ రేకు మరలు విప్పుతుండగా గేటు దగ్గర హారన్ మోగింది. ఇంకా మూడు కాలేదు. అయూబ్, బైకు మీద.

"నాలుగన్నావుగా," అన్నాడు జయరావు, మట్టి చేతులతో.

"దారి ఖాళీగా ఉందండీ." కారు వైపు చూసి నిలబడిపోయాడు. చక్రం ఒకచోట, రేకు ఒకచోట, మరలు పళ్లెంలో. "మేస్త్రీ, నా కారుని ఇట్టా కోడిని కోసినట్టు కోశావేంది?"

"ఇంకా నీది కాలేదు," అన్నాడు జయరావు. "కూర్చో. మజ్జిగ తాగు."

మాధురి పెద్ద కప్లర్ దగ్గర మీటరు పట్టుకుని నిలబడింది. ఈసారి చక్రం తిప్పే పని జయరావుది. నేను నేల మీద పడుకుని రేకు వెనక వైరుని జానెడు జానెడు పట్టి కదుపుతూ పోయాను. చక్రం నుంచి మొదలుపెట్టాను.

"ఎంత?"

"అంతే ఉంది పెదనాన్నా. పావు."

ఇంకో జానెడు.

"అంతే."

ఇంకో జానెడు. హెడ్‌లైటు బిగించిన చట్రం వెనక, చీకట్లో వేలికి ఒక చిన్న కప్లర్ తగిలింది. రబ్బరు మూతి ఒక పక్క గరుకుగా ఉంది. పళ్లతో కొరికిన గరుకు. పట్టుకుని కాస్త ఊపాను.

"పోయింది," అంది మాధురి. "సున్నా. ఆ, వచ్చింది. మొత్తం వచ్చింది పెదనాన్నా, కుడివైపంత వచ్చింది. పోయింది."

ఇంకోసారి ఊపాను.

"వచ్చింది. పోయింది. వచ్చింది."

"ఆపకండి జయరావుగారూ, తిప్పండి తిప్పండి," అని అయూబ్ మజ్జిగ గ్లాసుతో లేచి వచ్చాడు. తన బేరం పోతోందని కూడా మర్చిపోయినట్టున్నాడు.

కప్లర్‌ని వెలుగులోకి లాగి విప్పాను. లోపల ఎర్రగా, నల్లగా, ముద్దగా ఏదో గడ్డకట్టి ఉంది. దాని మధ్య రెండు పిన్నులు పచ్చగా చిలుం పట్టి, ఒకటి సగానికి అరిగిపోయి ఉంది. తుప్పు ఎరుపు కాదది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెల్లుల్లి. జీలకర్ర. గోటితో కొంచెం గీకి నాలుక మీద వేసుకున్నాను.

"బావా, ఏంది నాకుతున్నావు?" అన్నాడు జయరావు.

"ఉప్పు."

"ఏంది?"

"కారం. ఉప్పేసి దంచిన కారం."

జయరావు కూడా గోటితో గీకి నోట్లో వేసుకున్నాడు. కళ్లు పెద్దవి చేశాడు. "ఇది మా ఇంటి కారం." వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఏమేవ్."

వెంకాయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూసింది. ఏమాత్రం తొట్రుపడలేదు.

"అవును, నేనే పూశాను. వినాయక చవితి మర్నాడు. కారులో ఎలుక తిరుగుతుంటే అన్నయ్యని కొట్టు దగ్గర అడిగాను. వైర్లకి కారం పుయ్యమన్నాడు. నూనెలో కలిపి పూశాను. ఆ కొరికిన చోట ఇంకాస్త ఎక్కువ కూరాను, మళ్లీ రాకుండా."

అందరూ నా వైపు చూశారు.

గుర్తొచ్చింది. ఆ రోజు పళ్ల మధ్య వైరు పట్టుకుని పని చేస్తున్నాను. ఆమె అడిగింది. కారం పుయ్యి అన్నాను. అంతే అన్నాను. నా మనసులో ఉన్నది కాయలు మర పట్టించేటప్పుడు రాలే ఉత్త దుమ్ము. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

"ఉప్పు లేనిది పూయాలి," అన్నాను ఇప్పుడు.

"ఉప్పు పడని కారం మా ఇంట్లో ఎక్కడుంటది అన్నయ్యా? పురుగు పట్టదూ?" అంది వెంకాయమ్మ.

నిజమే. ఎకరాలకి ఎకరాలు మిరప పండించే ఇల్లు. కారం దంచిన రోజే ఉప్పూ వెల్లుల్లీ పడిపోతాయి. ఉత్త కారం కావాలంటే కల్లంలోకి పోవాలి, వంటింట్లోకి కాదు. ఎలుక కొరికిన సందులోంచి ఉప్పు లోపలికి దిగింది. గాలిలో చెమ్మ పీల్చుకుంది. రెండు నెలలు కూర్చుని రాగిని తిన్నది. షెడ్డువాళ్లు కొత్త సెన్సర్ వేసిందీ ఈ కుళ్లిన కప్లర్‌కే.

జయరావు లేచి నిలబడ్డాడు. ఒక్కొక్కరినీ చూశాడు.

"అంటే నన్ను పత్తిలో తోసింది కోడలు కాదు. నువ్వూ, నీ చెల్లెలూ."

"దెబ్బ తగల్లేదు గదా," అంది వెంకాయమ్మ.

"తప్పు నాది," అన్నాను.

మాధురి మీటరు జాగ్రత్తగా కింద పెట్టి, "ముందు బాగు చెయ్యండి పెదనాన్నా. వెలుగుండగానే చూద్దాం," అంది.

పుచ్చిన కప్లర్‌ని రెండు వైపులా కోసేశాను. వేడినీళ్లు తెమ్మన్నాను. చుట్టుపక్కల వైర్ల మీదున్న కారమంతా బ్రష్షుతో కడిగాను. వెంకాయమ్మే నీళ్లు పోసింది. చిలుం ఎంత దూరం పాకిందో చూసి, మెరిసే రాగి వచ్చేదాకా వైరు కోసుకుంటూ పోయాను. రెండు వైర్లనీ ఒకదాన్నొకటి పెనవేసే అతకాలి, విడిగా పోనిస్తే పక్క వైర్ల గోల దీనిలోకి వస్తుంది. డబ్బాలో ఉన్న కొత్త కప్లర్ తీసి, పిన్నులు టంకం పెట్టి, మీద రబ్బరు గొట్టం ఎక్కించి వేడిచేసి బిగించాను. అయూబ్ లైటర్ ఇచ్చాడు. గుండె పెళ్లి మేళంలా కొట్టుకుంటోంది.

"తిప్పు జయరావ్."

"ఎంత?" అని నేను అడగకముందే మాధురి అరిచింది. "కుడివైపంత. నెమ్మదిగా తిప్పినా వస్తోంది. ఆగేదాకా వస్తోంది."

చక్రం ఎక్కించి, పెద్ద కప్లర్ తగిలించి, జాకీ దించాను. మాధురి తాళం తిప్పింది. పసుపు లైటు వెలిగే ఉంది. ఆమె ముఖం చిన్నబోయింది.

"కదిలించు," అన్నాను.

కారు కల్లం మీద ఒక చుట్టు తిరిగింది. సగం చుట్టులో లైటు ఆరిపోయింది. మాధురి అద్దం దించి చెయ్యి బయటికి పెట్టి ఊపింది. ఆ చెయ్యి చూసి వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముగ్గు గీత సగం చెరిగిపోతే తనే మళ్లీ పోసింది. మాధురి నెమ్మదిగా వచ్చి గీత మీద ఆపింది. రెండోసారి ఆపింది. మూడోసారి ఇంకా నెమ్మదిగా, నడిచినంత వేగంతో వచ్చి ఆపింది. గరగర లేదు.

"గేట్లోంచి రమ్మను," అన్నాడు జయరావు.

కారు వీధిలోకి పోయి తిరిగింది. నేను వెళ్లి మొన్న పత్తి కుప్ప ఉన్నచోట నిలబడ్డాను. నా మాట వల్ల వచ్చిన చెడుకి నేనే నిలబడాలి. జయరావు వచ్చి నన్ను భుజంతో పక్కకి నెట్టాడు.

"జరుగు."

"నేనుంటా."

"నిన్ను గుద్దితే మా చెల్లెలు ఏడుస్తది," అన్నాడు. ఆ చెల్లెలు అంటే నా భార్య.

"ఈసారి వెనక పత్తి లేదండీ," అంది వెంకాయమ్మ అరుగు మీదనుంచి. పత్తి నిన్ననే మిల్లుకి పోయింది. వెనక గోడ ఒక్కటే ఉంది.

"తెలుసులే."

మాధురి గేటు దగ్గర బండి ఆపేసింది. "మావయ్యా, పక్కకి రండి. నేను రాను."

"రా."

"ఖాళీ చోట చూపించాను గదా."

"నా కళ్లకి చూపించమన్నాను. నా కళ్లు ఇక్కడున్నాయి. రా."

మొన్నటిలాగే చెయ్యి ఊపాడు. రా, రా. మాధురి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. కారు గేటులోకి దూరింది. మనిషి పరుగెత్తేంత వేగం. సరిగ్గా మొన్న తన్నిన వేగం. పది అడుగులు. ఆరు. అయూబ్ చేతిలో గ్లాసు వంగి మజ్జిగ కారిపోతోంది. మూడు అడుగులు. కాలు బ్రేకు మీద పడటం బానెట్ కొద్దిగా వంగడంలో తెలిసింది. కారు ఆగింది. జయరావు ఊపుతున్న చెయ్యి అలాగే దించితే బానెట్ మీద పడింది. అక్కడే ఉంచాడు.

వేడిగా ఉంటుందది. తీయలేదు.

"అయూబ్," అన్నాడు వెనక్కి తిరగకుండా. "మజ్జిగ తాగావుగా."

"తాగానండీ."

"ఇంక బయల్దేరు."

"ఇంత దూరం రప్పించి ఇదా జయరావుగారూ?"

"నీ దగ్గర కార్లల్లో ఎలుకలున్నాయా? మా ఆవిడ కారం కట్టిస్తది, పట్టుకుపో."

అయూబ్ పెద్దగా నవ్వి బైకు తీశాడు. మాధురి దిగకుండానే ఫోన్ తీసి ఆరోగ్య కేంద్రానికి చేసింది. "మేడమ్, రేపు ఎనిమిదింటికి వస్తున్నాను. లేదు మేడమ్, బస్సు కాదు. నా కారే." ఆ తర్వాత దిగి తాళం తీసి మామగారికి ఇవ్వబోయింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా దగ్గరెందుకు? రొంటిన గుచ్చుకుంటుంది," అన్నాడు.

వెంకాయమ్మ అన్నం తిని పొమ్మంది. తిన్నాను. ఆవకాయ వేసింది, అదీ తిన్నాను. తింటున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఈ ఏడు ఎలుకల కోసం నన్నడిగిన వాళ్లు ఎంతమంది? అందరికీ అదే రెండు మాటలు చెప్పాను. ఒక్కొక్క ముఖమే గుర్తొస్తూ పోయింది. గూడ్సు ఆటో బుడాన్. పొగాకు గోడౌను జీపు డ్రైవరు. బడి వ్యాను తోలే బాలు. దర్జీ ఉజ్మా వాళ్ల స్కూటరు. ఇంకా ఇద్దరు, పేర్లు రాలేదు, ఊళ్లు మాత్రం తెలుసు. బడి వ్యాను గుర్తొచ్చాక చెయ్యి కడిగేసుకున్నాను.

మర్నాడు తెల్లవారుతుండగానే లేచాను. కాఫీ కాగకముందే బయల్దేరాను. బ్రష్షు, గుడ్డలు, రెండు సీసాల నీళ్లు, డబ్బాలో మిగిలిన కప్లర్లు మోపెడ్‌కి కట్టుకున్నాను. నేరుగా బాలు ఇంటికి పోయాను. పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఇంకా గంట టైముంది. వ్యాను కడుగుతున్నాడు.

"ఏంది మేస్త్రీ ఇంత పొద్దున్నే?"

"ఎలుకలకి కారం పూశావా?"

"పూశాను. మీరు చెప్పినట్టే. మళ్లీ ఒక్క ఎలుక రాలేదు."

"ఏ కారం?"

"ఇంట్లోదే. మా అమ్మ దంచింది."

"బానెట్ ఎత్తు," అన్నాను. అతను ఎత్తుతుండగా మోపెడ్ స్టాండు వేసి, ఉప్పు సంగతి మొదట్నుంచీ చివరిదాకా, ఎక్కడా మింగకుండా చెప్పాను. చెప్పడం అయ్యాక సీసా మూత తీసి, మొదటి కప్లర్ విప్పి కడగడం మొదలుపెట్టాను.